గల్ పక్షులు రెండూ ఇరవైకే లేచాయి

మోకాళ్లు చెడి ఉద్యోగం ముందుగానే వదులుకున్నాను. దానికి మూడేళ్ల ముందు, నవంబరులో, నన్ను గోదావరిఖని దగ్గర ఒక ఓపెన్ కాస్ట్ గనికి బ్లాస్టింగ్ ఆఫీసరుగా వేశారు. మధ్యాహ్నం రెండున్నరకు పేల్చాలని బోర్డు మీద ఉండేది. ముందు చుట్టూ ఎర్రజెండాల కాపలా, తర్వాత సైరన్, ఆపైన పేలుడు. పొగ తగ్గాక, పేలకుండా మిగిలిన మందు ఉందేమో చూసి, అంతా క్షేమమని మళ్లీ సైరన్ వేయించాలి. ఇదంతా అయ్యేసరికి మూడు గంటల షిఫ్టు బస్సు వెళ్లిపోయేది. అందుకని జెండాలవాళ్లను ముందే నిలబెట్టి, రెండూ ఇరవైకే పేల్చి, రిజిస్టరులో రెండున్నర అని రాసేవాణ్ని.

పక్కనే, బొగ్గు తీసి వదిలేసిన పాత గుంత నిండా నీళ్లు. చలికాలంలో వలస వచ్చే తెల్లని గల్ పక్షులు పొద్దున గోదావరి నుంచి అక్కడికి వచ్చి, మధ్యాహ్నం మళ్లీ నదికి పోయేవి. కార్మికులకు గని దీపాలు ఇచ్చి లెక్క రాసే లాంప్ రూములో గుమాస్తాగా రిటైరైన సామ్యేల్ అన్న, దవాఖానలో నర్సుగా చేసిన రాజక్క రోజూ గట్టు మీద కూర్చుని వాటి రాకపోకలు, సైరన్ మోగిన వేళ అన్న నోటుబుక్కులో రాసేవారు. పక్షులు వేళను బట్టి లేస్తాయని అన్న, సైరన్‌కు లేస్తాయని అక్క పందెం వేసుకున్నారు. సైరనే అని తేలితే, పక్షులు మధ్యలో బెదరకుండా చలికాలంలో పేలుడు సాయంత్రానికి మార్చమని మేనేజరును అడగాలనుకున్నారు.

జనవరిలో రాజక్క నవ్వుకుంటూ వచ్చింది. "తమ్మీ, నువ్వు డ్యూటీల ఉన్ననాడు సైరన్ రెండు ఇరవైకి, నీ ఆఫ్ నాడు రెండున్నరకు. రెండుసార్లూ పక్షులు సైరన్‌కే లేచినయి. పందెం నాదే!"

ఆ పుస్తకం మేనేజరు చేతికి వెళితే నా పని అయిపోయినట్టే. రిజిస్టరు తెచ్చి ఇద్దరికీ చూపించాను. అన్ని రోజులూ రెండున్నరే.

"రిజిస్టరుకు తిరుగుంటదా అక్కా? నీ కండ్లకు అద్దాలు గావాలె" అన్నాడు సామ్యేల్ అన్న. తన పుస్తకంలో రెండూ ఇరవై ఉన్నచోటల్లా కొట్టేసి, రెండున్నర చేశాడు. అన్ని రోజులూ ఒకే వేళ అయ్యేసరికి పక్షులు లేచేది వేళకో సైరన్‌కో తేలక, అర్జీ మాట అంతటితో ఆగిపోయింది.

నిరుడు ఆయన ఇంటికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన పుస్తకం తీశాడు.

"గంత ఫికర్ ఎందుకు సార్? లాంప్ రూముల తప్పు కొట్టేస్తే ఒక్కటే గీత గీయాలె. కింది రాత కనవడాలె. గట్లనే గీసిన, చూడుండ్రి."

ప్రతి గీత కిందా రెండూ ఇరవై స్పష్టంగా ఉంది.

రాజక్కను పిలిపించాం. "ఇప్పుడు అద్దాలు ఎవలికి గావాలె అన్నా?" అని ఆమె అడిగితే అన్న పుస్తకం మొఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

గీత కింది సమయమే నిజమని ప్రతి పేజీలో సంతకం చేశాను. పుస్తకం, అర్జీ ఇప్పటి మేనేజరుకు ఇచ్చాం. ఈ చలికాలం పేలుడును ఆయన నాలుగున్నరకు మార్చారు. మొదటిరోజు ముగ్గురం గట్టు మీదే ఉన్నాం. రెండున్నర దాటినా ఒక్క పక్షీ కదల్లేదు.

రిజిస్టరులో సమయాన్ని గడియారం చూసి రాయాలి, బోర్డు చూసి కాదు. ఈ పనిలో చేరిన మొదటి వారమే నాకు ఇది చెప్పారు.