జోసెఫ్ మామ చొక్కా మీది బిళ్ల

మొన్న పంటి ఎక్స్‌రేకు వెళ్తే, అక్కడి అమ్మాయి కోటుకు తగిలించుకున్న చిన్న బిళ్ల చూడగానే నాలో ఎప్పటిదో అసూయ కదిలింది.

కోలారు బంగారు గనులు సర్కారు చేతికొచ్చిన కొత్తలో, అక్కడి ఆండర్సన్‌పేటలో మా వరస ఇళ్లలో, మా సంగటి ఉడికే వాసనా, క్రిస్మస్‌కు పక్కింట్లో వేగే కజ్జికాయల వాసనా ఒకే గోడ దాటి అటూ ఇటూ తిరిగేవి. ఆ పక్కిల్లు నా ఈడు స్టెల్లాది. వాళ్ల నాయన జోసెఫ్ మామ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. మా నాయన గనిలోకి దిగేవాడు. మామ చొక్కా ఎప్పుడూ మల్లెపువ్వులా ఉండేది, దాని మీద లోపల ఫిల్ము పెట్టిన బిళ్ల.

"మా నాయన ఒంటికి ఎంత ఎక్స్‌రే తగిలిందో అది చెప్తాది. మీ నాయనకి యాడుండాది?" అనేది స్టెల్లా, అచ్చనగాయలు ఎగరేస్తూ. ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు.

ఒకనాడు దగ్గుతున్న నాయన వెంట ఎక్స్‌రేకు వెళ్లాను. మామ ఫిల్ము కడగడానికి చీకటి గదిలోకి వెళ్లగానే, చొక్కా మీంచి కోటుకు మార్చుకున్న బిళ్లను కుర్చీ మీది ఆ కోటు నుంచి ఊడబీకి, రోగులు నిలబడే స్టాండు వెనక సందులో పడేశాను. రెండు రోజులకు ఊడ్చే ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టిందట. ఎక్కడో జారిందనుకుని మామ మళ్లీ తగిలించుకున్నాడు.

నెల తిరిగాక పరీక్షకు పోయిన బిళ్ల ఫిల్ము గురించి కబురొచ్చింది, ఆయనకు హద్దు మీరి రేడియేషన్ తగిలిందని. ఆయన్ని ఎక్స్‌రే గదిలోకి రానివ్వలేదు. రక్తం తీశారు.

"రక్తం చెడిపోయి ఉంటాదేమోనంట," అని స్టెల్లా మా గడపలో కూర్చుని ఏడ్చింది. మూడు రోజులు స్టెల్లాకు కనబడకుండా తిరిగాను. నాలుగోనాడు, ఎక్స్‌రేలు పడేచోట రెండు రోజులున్నది ఆయన కాదు, నేను పడేసిన బిళ్లేనని మామకు చెప్పేశాను.

ఆయన కొట్టలేదు. వేళ్లు చాపి చూపించాడు. చర్మం ఎండి పగిలింది, గోళ్లు గీతలు పడ్డాయి.

"బిళ్లలు రాకముందు, ఏడ్చే పిల్లోళ్లని ఎక్స్‌రే కింద కదలకుండా పట్టుకున్న చేతులు ఇవి. అది కనపడదు, తగిలినప్పుడు నొప్పీ తెలీదు. ఏండ్లకి బయటపడతాది. దానికే ఆ బిళ్ల."

"మరి మా నాయనకి?"

ఆయన చాచిన వేళ్లు ముడుచుకున్నాడు. "గని దుమ్ముకి బిళ్ల లేదు పాపా."

రక్తంలో తేడా లేదని తేలింది. మామ జరిగింది ఆసుపత్రిలో చెప్పి మళ్లీ పనిలోకి వెళ్లాడు. నాయనకు మాత్రం ఊపిరితిత్తుల నిండా దుమ్మని తేలింది. నా పదో తరగతి కాకముందే పోయాడు. నా అసూయ అప్పుడైనా తగ్గాల్సింది. పెరిగింది.

ఇప్పుడు గని సైరన్ లేదు, షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ల గుంపుల్లేవు, మా వరసలో సగం ఇళ్లకు పైకప్పుల్లేవు. పోయిన నెల మారికుప్పం రైల్లో స్టెల్లా కనిపించింది.

"నాయనకి తొంభై దాటినాయి. ఇంగ రోజుకి నాలుగుసార్లు కాఫీ అడిగి ప్రాణం తీస్తాడే," అని నవ్వుతూ విసుక్కుంది.

నేను లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. దిగాల్సిన స్టేషను ఇంకా చాలా దూరముంది.