వస్తది, వస్తడు

మిలిటరీ లారీల వరుస ఎంతకూ తెగకపోవడంతో, తిరుమలగిరి దాటిన రెండు మైళ్లకే బస్సువాడు జనాన్ని దింపేశాడు. పోలీస్ యాక్షన్ అయి అప్పటికి నెల తిరగలేదు. ఏసురత్నం కొంతదూరం నడిచి, ఎండకు తాళలేక ఒక కల్వర్టు గట్టు మీద కూలబడ్డాడు. అక్కడ ముందే ఒక ముసలమ్మ ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. పొద్దున సీతాఫల్‌మండిలో అన్నీ అమ్మగా మిగిలిన ఒక్క సీతాఫలం పండును చేతిలో తిప్పుతోంది.

"ఏడికి పోతున్నవ్ సారూ?"

"రాళ్లమడుగుకండి."

"ఓయమ్మో! నన్ను అండి అన్నోడివి పుట్టినకాడికెల్లి నువ్వొక్కనివే." ముసలమ్మ పళ్లులేని నోటితో నవ్వింది. "మాది గదే ఊరు. బుచ్చమ్మంటరు నన్ను. ఎవరింటికి?"

ఎవరికోసం వెళుతున్నాడో ఆ మనిషి పేరు ఏసురత్నానికి తెలియదు. ఆ ఊరి గుట్టకింది బావి దగ్గరికి రోజూ పొద్దున్నే ఒక మగమనిషి వస్తాడని మాత్రం తెలుసు. ఇంకా వస్తున్నాడా, లేక వేసవిలోనే ఆగిపోయాడా? అది తెలుసుకోవాలనే ప్రయాణం.

చిలకలగూడలో తరువాతి తరం వాళ్లు ఏసురత్నాన్ని కుట్టుమిషన్లు బాగుచేసే తాతగానే ఎరుగుదురు. అంతకుముందు ఆయనది తుపాకుల పని. తండ్రి గుంటూరు వైపు నుంచి తెల్లవాళ్ల పల్టన్ వెంట వచ్చి, ఆయుధాల షెడ్డులో ఆకురాయి పట్టాడు. కొడుక్కి ఆస్తిగా ఆ ఆకురాయే వచ్చింది, కొంచెం యాస కూడా. వింత పని అది. కుమ్మరికి తన కుండ ఎవరి పొయ్యి మీద ఉందో తెలుస్తుంది. చెప్పులు కుట్టేవాడు వీధిలో నడిచే కాళ్లు చూసి తన కుట్టు గుర్తుపడతాడు. తుపాకీ బాగుచేసేవాడికి మాత్రం తన పని ఎక్కడికి పోయి తేలిందో తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. ఏసురత్నం ముప్పై ఏళ్లు అలాగే గడిపాడు. ఆదివారం గుడిలో వాక్యం చదివేవాడు, సోమవారం కొట్టు తెరిచేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో రాళ్లమడుగు దొర దగ్గరి షికారీ, పర్వతాలు అనేవాడు, కొట్టుకు వచ్చాడు.

"దూరం కొట్టే రైఫిల్ కావాలె. అడవి పంది మస్తు పరేషాన్ చేస్తున్నది. గుట్ట మీదకెల్లి బావి దాకా కొట్టాలె. ఐదు వందల గజాలు."

"పందికి ఐదు వందల గజాలెందుకు బాబూ? మంచె మీద కూర్చుంటే నాటు తుపాకీ చాలదా?"

"దగ్గరికి రానిస్తలేదు. జెర తెలివైన పంది."

ఏసురత్నం నవ్వి రెండు రైఫిళ్లు బల్ల మీద పెట్టాడు. మంచి పని గురించి అడిగేవాడు దొరికితే అతని నోరు ఆగదు.

"ఇది పల్టన్‌ది. బోల్టు తాళం వెనక పడుతుంది. గబగబా పేల్చడానికి దీన్ని మించింది లేదు. కానీ పేలినప్పుడు ఇనుము వెంట్రుకవాసి సాగుతుంది. వంద గజాల్లో ఆ వెంట్రుక లెక్కకు రాదు, ఐదు వందల్లో మూరెడవుతుంది. ఇది జర్మనీది. తాళం ముందుంది, తూటా వెనకే బిగించి పట్టుకుంటుంది. నీ దూరానికి ఇదే."

"మరి తూటా?"

"సన్నగా, పొడుగ్గా ఉండే గుండు. గాలిని కోసుకుంటూ పోతుంది, తొందరగా కిందికి దిగదు. కానీ అన్నీ ఒకే ఏడాది మందువై ఉండాలి. రేకుల కప్పు కింద పదేళ్లు ఎండిన మందు ఒక తీరుగా కాలుతుంది, కొత్తది ఇంకో తీరుగా. దగ్గర్లో తేడా తెలియదు, దూరంలో గుండు గురికి ముందే దిగిపోతుంది. ఇంతకీ నీ పంది ఏ వేళకు దొరుకుతుంది?"

"రోజు పొద్దుగాల్నే బావికాడికి వస్తడు."

పర్వతాలు ఆ మాట అని, జర్మనీ రైఫిల్ బోల్టు ముందుకూ వెనక్కూ లాగి చూసుకుంటున్నాడు. తన నోరు జారిన సంగతి తెలియలేదు వాడికి. పంది అయితే వస్తది. వస్తడంటే మనిషి.

కాదంటే? రెండు వీధుల అవతల ఇంకో కొట్టుంది, అక్కడ ఇదే రైఫిల్‌కు సరైన తూటాలు ఇస్తారు. పోలీసులకు చెబుదామంటే, దొర ఇంట్లో భోంచేసే పోలీసులు. రైఫిల్‌లో లోటు చేస్తే షికారీ చేతికి దొరికిపోతుంది. తూటా లోపలి మందు మాత్రం ఏ షికారీకీ కనబడదు.

ఏసురత్నం లోపలికి వెళ్లి, మూడు వేర్వేరు ఏళ్ల తూటాలు కలిపి ఇరవై ఏరాడు. అన్నీ ఒకే రంగు వచ్చేలా తుడిచి ఒకే కొత్త పెట్టెలో సర్దాడు. తూటా అడుగున ఏడాది చెప్పే ఇంగ్లీషు అంకెలు చదివే చదువు పర్వతాలుకు లేదు. ఊరవతల వంద గజాల్లో ముంతలు పెట్టి కాల్చి చూసుకున్నారు. మూడు గుండ్లకు మూడు ముంతలు పగిలాయి. "ఉస్తాద్‌వి సారూ!" అని పర్వతాలు భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి, "ఇవాళ ఒక ప్రాణం కాపాడాను" అన్నాడు భార్యతో.

"ఎవరిదండీ?" అంది కాంతమణి.

"పేరు అడగలేదు."

అప్పటినుంచి దారులు మూతపడ్డాయి. ఊళ్లు తగలబడుతున్నాయన్న మాటే గాని మనిషి కబురు లేదు. ఇప్పుడు దారి తెరిచారు.

"అవ్వా," అన్నాడు ఏసురత్నం. "మీ ఊళ్లో గుట్టకింది బావికి పొద్దున్నే వచ్చే మనిషి ఎవరు?"

"వీరయ్య గదా. దొర మీద లేసిన సంఘపోడు. మోట తోలనీకి వస్తడు."

"ఎలా ఉన్నాడు?"

"ఆనికేంది, గుండ్రాయి లెక్క ఉన్నడు."

ఏసురత్నం కళ్లు మూసుకున్నాడు. అతని పెదవులు కదిలాయి. బుచ్చమ్మ పండును రెండుగా విప్పి సగం చేతిలో పెడితే వద్దనకుండా తీసుకున్నాడు. తియ్యగా ఉంది.

"నీకు ఎరుకనా వీరయ్య? ఎండకాలంల ఆన్ని గుట్ట మీదకెల్లి కాల్చిండ్రు. గుండు ఆని దాకా రానే లేదు. దేవుడు కాపాడిండని ఊరంత కొబ్బరికాయలు కొట్టింది. పర్వతాలుగాడు మొన్న మిలిటరోళ్లకు దొరికి ఏమన్నడో తెలుసా? నా గురి తప్పలే, రైఫిల్ తప్పలే, తూటా మోసం చేసిందని ఏడ్చిండట."

"అవును," అన్నాడు ఏసురత్నం, తనకు తెలియకుండానే. తర్వాత అడిగాడు: "గుండు ఎక్కడ పడింది?"

బుచ్చమ్మ గింజ ఊసి, నోరు కొంగుతో తుడుచుకుంది.

"బావికి ఇవతల, గుట్ట దిక్కు తొట్టి ఉంటది. నా కోడలు లచ్చమ్మ గాడ బట్టలు పిండుతున్నది. మెడల పడ్డది గుండు, గాడనే పాణం పోయింది. రోజు రాదు సారూ లచ్చమ్మ. ఎప్పుడో ఒకనాడు వస్తది. ఆ పొద్దే వచ్చింది." పండు తొక్కను రోడ్డు మీదికి విసిరింది. "వీరయ్యను దేవుడు కాపాడిండట. కాపాడనీ. మరి గుండును గీ దిక్కు మలిపినోడు ఎవడు? గా దేవున్ని గదే అడుగుత."

వస్తది. పందికీ అదే మాట, ఆడమనిషికీ అదే మాట. ఆనాడు కొట్టులో ఏసురత్నం 'వస్తడు' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. గుండు గురిదాకా పోకపోతే ఎక్కడ దిగుతుందో ముప్పై ఏళ్లుగా అందరికీ లెక్క చెప్పినవాడు, అక్కడ ఎవరు ఉంటారని అడగలేదు.

లారీల వరుస అయిపోయింది. దుమ్ము కిందికి దిగుతోంది. బుచ్చమ్మ గంప నెత్తిన పెట్టుకుని లేచింది.

"నడువు, కలిసి పోదాం. చెప్పనే లేదు, వీరయ్య తోటి నీకేం పని సారూ?"

ఏసురత్నం లేచాడు. చేతిలోని సగం పండును కల్వర్టు గట్టు మీద జాగ్రత్తగా, దొర్లిపోకుండా పెట్టాడు. తర్వాత వచ్చిన దారినే, సికింద్రాబాదు వైపు నడవసాగాడు.

"ఓ సారూ! గటు గాదు, రాళ్లమడుగు గిటు!" అని వెనక నుంచి బుచ్చమ్మ కేకేస్తూనే ఉంది.