పెళ్లి తెర మీద అవ్వ మామిడిమాను

నా చిన్నప్పుడు మా అవ్వ మామిడిమానును కొట్టించినవాడి పేరు నేను ఈ రోజుకీ నోటితో పలకను. పెద్దింటాయన అంటాను, అంతే. కార్వేటినగరం దగ్గర మా పల్లె. మాను మా గట్టు మీదే ఉండేది. గట్టు తనదన్నాడు, కూతురి పెళ్లి వంటకు కట్టెలు కావాలన్నాడు, ఒక్క పూటలో నరికించి బండ్లకెత్తించాడు. మిగిలిన మొద్దు మీద కూర్చుని అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ కట్టెలు ఎండకముందే ఆయన మా చిన్నాయనను పిలిపించాడు. చిన్నాయన నాటకాలకు తెరలు రాసేవాడు. పెళ్లి ఫోటోలకు వెనక కట్టడానికి, మంచు పట్టిన మన పల్లెను గుడ్డ మీద రాయమన్నాడట. ఈయన సరేనన్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు రోషం లేదా చిన్నాయనా?" అంటూ రంగు ముంతను కాలితో తన్నబోయాను.

ఆయన ముంతను పక్కకు జరిపాడు. "కూసో మే. తడి మింద తడి పూస్తే అంతా బురదయితాది. ఆరనీ," అన్నాడు.

ముందు గంజినీళ్లంత పలచగా ఆకాశం పూశాడు. అది ఆరాక దూరపు కొండలు, బూడిద కలిసిన నీలంలో. వాటి మీద తెలుపును పలచగా లాగితే కొండల మొదట్లో మంచు లేచింది. అదీ ఆరాక చెరుకు తోటలు, బెల్లం పొయ్యి పొగ. పెద్దింటాయన వచ్చి చూసి మీసం దువ్వుకుని పోయేవాడు. బొమ్మలో ముందు భాగం మాత్రం చిన్నాయన ఖాళీగానే ఉంచాడు.

పెళ్లినాడు తెల్లవారగానే, పందిట్లో కట్టిన తెర మీద ఆ ఖాళీలో మాను పెట్టాడు. ముదురు పచ్చ మీద లేత పచ్చ, దానిపైన ఎర్ర చిగురు. అవ్వ మానే, పడమటి కొమ్మ వంకరతో సహా! ఊరంతా గుర్తుపట్టింది. పెద్దింటాయన ముఖం మాడిపోయింది. తెర విప్పించేలోపే పెళ్లికొడుకు తండ్రి వచ్చి దాని ముందర నిలబడి మురిసిపోయాడు.

"ఎంత బాగుండాదప్పా ఈ మాను! యాడుండాది? పోయి సూసొద్దాం."

మా అవ్వ ముందుకొచ్చింది.

"యాడికో పోనక్కర్లే సామీ. ఆ వంట పొయ్యిల్లో సూడు, మండతా ఉండాది."

అంతమందిలో, కొత్త వియ్యంకుడి ఎదుట, పెద్దింటాయన తల దించుకున్నాడు. అది చూసే నాకు కడుపు నిండింది. పెళ్లి భోజనం ముట్టలేదు.

ఆ తెర ముందే తీసిన ఫోటో ఇప్పటికీ వాళ్ల నడవలో వేలాడుతోంది. కూతురి పెళ్లి ఫోటో, తీసేయలేరు పాపం! ఊరికి పోయినప్పుడల్లా పనిగట్టుకుని ఆ ఇంటి ముందు నుంచే నడుస్తాను. "ఇంకా ఎందుకవ్వా, మరిచిపో," అంటుంది నా మనవరాలు. మరిచిపోవడం నాకెవరూ నేర్పలేదు. ఆరేదాకా కూర్చోవడం మాత్రం చిన్నాయన నేర్పాడు. ఆనాటి నుంచి నేను ఏ ముంతనూ తన్నలేదు. ఎవరినీ వదలనూ లేదు.