సగం దించిన షట్టర్లు

మా సోషల్ మాస్టారు పోయిన మంగళవారం నరసరావుపేట ఆసుపత్రిలో కన్నుమూశారు. గుండె జబ్బు. గురజాల దగ్గర, ఊరవతల మా పేటలోనే పుట్టి, మా ఊరి హైస్కూల్లోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు.

మా పేట నుంచి శ్మశానానికి రెండు దారులు. బజారుది దగ్గర దారి. కాలవ కట్టది చుట్టుదారి, వానొస్తే బురద. పేటలో ఎవరు పోయినా పాడె కట్ట మీదుగానే వెళ్తుంది. ఊళ్లో మిగతావాళ్ల శవాలు బజార్న వెళ్తాయి. అప్పుడు కొట్లవాళ్లు షట్టర్లు సగానికి దించి నిలబడతారు. పోయినవాళ్లకు అది మర్యాద.

తొమ్మిదో తరగతిలో మాస్టారు రాజుల పాఠం మధ్యలో ఆపి మా పేట పిల్లల్ని అడిగారు. "ఒరేయ్, మన శవాల్ని కట్ట మీదుగా పొమ్మని చెప్పిందెవర్రా?"

"ఎవరూ చెప్పలేదు సార్, మన ఆనవాయితీ" అన్నాం.

"చెప్పాల్సిన పని లేకుండా చేశారు. అది కత్తితో అయ్యే పని కాదు" అని మళ్లీ పాఠంలోకి వెళ్లారు.

పని ఉన్నా లేకపోయినా సాయంత్రం బజార్లో సైకిల్ నడిపించుకుంటూ తిరిగేవారు. ఈ మాట చెవినపడి కిరాణా షావుకారు ఒకసారి నొచ్చుకున్నాడు, మేమెప్పుడన్నా వద్దన్నామా మాస్టారూ అని.

"వద్దనే అవసరం మీకెప్పుడు రానిచ్చాం షావుకారూ?" అని నవ్వి, ఉప్పు సంచి హ్యాండిల్‌కు తగిలించుకున్నారు.

పేటలో ఎవరు పోయినా ఈసారి బజార్న పోదామనేవారు. చదువుకున్నోడివి, మాకు గొడవలు తేమాక అని పెద్దలు కసిరేవారు. విలేకరిగా ఏ ఊరికి వార్తకు వెళ్లినా ముందు శ్మశానానికి దారెటో చూడటం నాకు ఆయన దగ్గర అబ్బింది.

ఆసుపత్రిలో భార్యను ఒకటే అడిగారట, నన్నన్నా బజార్న తీసుకుపోండి అని.

శవయాత్ర రోజు మలుపు దగ్గర పాడె కట్టవైపు తిరిగింది. ఎవరూ అడ్డం రాలేదు. ముందు మోస్తున్నది ఆయన సొంత తమ్ముడే.

"ఏందబ్బాయ్, అటు తిప్పావు?" అంది మాస్టారి భార్య.

"మన పెద్దోళ్లంతా ఇటే పోయారు వదినా. ఆఖర్న కొత్త గొడవెందుకు?" అతను ఏడుస్తూనే ఉన్నాడు.

ఆమె పాడె వెనక నుంచి పక్కకు తిరిగింది. ఒక్కతే బజార్లోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

రెండువైపులా షట్టర్లు అప్పటికే సగానికి దించి ఉన్నాయి. షావుకారు కొట్టు బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాస్టార్ని ఇటు తెస్తారనుకున్నామమ్మా" అన్నాడు.

డప్పులు కాలవ కట్ట మీద వినిపిస్తున్నాయి. ఆమె రోడ్డు మధ్యలో, ముందు పాడె వెళ్తున్నట్టే, అంత నెమ్మదిగా నడిచింది.