వంటింటి గుమ్మం దగ్గర కొత్త కాలు

సనత్‌నగర్‌లో నేను పనిచేసే వర్క్‌షాప్‌లో ఎవరూ ఒట్టి కాళ్లతో తిరగరు, ఇనుప రజను గుచ్చుకుంటుంది. కృత్రిమ కాలు ప్రాజెక్టు కోసం ఒక ఇంజనీరింగ్ అమ్మాయిని వాళ్ల ప్రొఫెసర్ నా దగ్గరికి పంపినప్పుడు, నేను మొదట చెప్పింది అదే: "బూట్లు వేసుకునే రండమ్మా, మీరూ, కాలు పెట్టుకునే ఆవిడా."

నేను కాలేజీ మెట్లెక్కలేదు. కోణాల లెక్కలు పాత పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. మోకాలి కింద మిగిలిన కాలికి తొడిగే గిన్నెలాంటి సాకెట్ ఆసుపత్రిలో చేసిచ్చారు. దాని కింద గొట్టం, పాదం మా పని. బరువు ఎక్కడ పడాలో నేనూ ఆ అమ్మాయీ విడివిడిగా లెక్క కట్టి సరిచూసుకునేవాళ్లం. కాలు పెట్టుకున్న ఆవిడ బూట్లతో మా షెడ్డులో చక్కగా నడిచింది.

ఆవిడది పంజగుట్ట. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. షుగర్ వల్ల కాలు పోయింది. "వంటింట్లో నిలబడి చూపించు, పని మళ్లీ నీదే" అంది హాస్టల్ ఓనరమ్మ. అందుకే ఆ మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం.

వంటింటి గుమ్మం దగ్గర ఆవిడ అలవాటుగా బూట్లు విడిచి లోపల అడుగు పెట్టింది. ఒళ్లంతా వెనక్కి తూలింది. అమ్మాయి గబుక్కున పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది?" ఓనరమ్మ మొహం మారిపోయింది. "కాగే నూనె ముందు ఇలా తూలితే ఎలా? నావల్ల కాదు."

"సార్, మనం ఎప్పుడూ బూట్లతోనే చూశాం!" అంది అమ్మాయి.

నాకూ అప్పుడే వెలిగింది. మడమ కింద బూటు ఎత్తు పోయింది. పాదం నేలకి ఆనాలంటే కాలు వెనక్కి వాలాల్సిందే.

"గీ కాలుకు జర వంటింటి మర్యాద నేర్పు బిడ్డా," అంది ఆవిడ పీట మీద కూర్చుంటూ. "చెప్పులిడిస్తె అలుగుతున్నది." నవ్వుతూనే అంది గానీ, కళ్లు ఓనరమ్మ మీదే ఉన్నాయి.

చీలమండ దగ్గర ఎదురెదురుగా మరలుంటాయి. ఒకటి వదులు చేసి రెండోది బిగిస్తే వాలు మారుతుంది. ఎంత తిప్పాలో నేను చెప్పబోయేలోగా అమ్మాయి నేల మీద కూర్చుని తిప్పేసింది. నా లెక్కకీ అంతే వచ్చింది.

"ఇకమీదట మడమ ఎత్తులేని చెప్పులే వేసుకోవాలక్కా," అంది అమ్మాయి.

"నేనేమన్న హైహీల్స్ ఏస్కొని తిరుగుతనా?"

ఆవిడ లేచింది. స్టవ్ దాకా వెళ్లింది, తిరిగింది, వంటగట్టు మీంచి చెయ్యి తీసేసి నిలబడింది. తూలలేదు.

ఓనరమ్మ కాసేపు ఆ ఒట్టి పాదాన్నే చూసింది. "సరే, సోమవారం నుంచి రా."

"సోమారమెందుకమ్మా? రేపటి ఇడ్లీలకు పప్పు ఇప్పుడే నానవోస్త," అంటూ ఆవిడ కొత్త కాలి మీద బరువు మోపి, పై అరలో మినప్పప్పు డబ్బా అందుకుంది.