రెండో గాటు

కర్నూలులో కొన్న పాత కంప్యూటర్ డిస్‌ప్లే కార్డును కడప బస్సులో మాటిమాటికీ తీసి చూసుకుంటున్నాను. ఏ కార్డు ఏ మదర్‌బోర్డుకు పనికొస్తుందో దాని అంచున ఉండే గాటే చెబుతుంది. దీనికి రెండు గాట్లున్నాయి కాబట్టి పాత బోర్డుకూ కొత్త బోర్డుకూ సరిపోతుందని నా ధైర్యం. మా డీటీపీ షాపులో ఉన్నది ఒక్కటే కంప్యూటర్, దానిది కొత్త బోర్డు.

"ఒకసారి ఇయ్యప్పా" అని పక్క సీటాయన తీసుకున్నాడు. ఇక తిరిగి ఇవ్వలేదు. ఆళ్లగడ్డ వచ్చిందని కండక్టర్ కేకేస్తే కార్డుతోనే లేచాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. బస్సంతా మావైపు తిరిగింది.

ఆయన నా బొటనవేలు లాగి ఒక గాటులో పెట్టి రుద్దాడు. నున్నగా ఉంది. రెండోదానిలో రుద్దితే గీసుకుంది.

"ఇది కంపెనీ గాటు కాదప్పా, ఆకురాయితో కోసింది. కొత్త బోర్డులో పెడితే కాలిపోతాది."

"నీకెట్ల తెలుసన్నా?"

"పక్కన గీత చూడు, ఆకురాయి జారిండాది. నా బోర్డులో పట్టల్లని నేనే కోస్తి. బోర్డు కాలిపాయ. ఈ సంగతి చెప్పకుండానే కార్డు అమ్మేస్తి."

కార్డు నా ఒళ్లో పెట్టి, ముఖం చూడకుండా దిగిపోయాడు.

ఇప్పటికీ పాత కార్డేది చేతికొచ్చినా, దాని పేరు చదివేలోపే నా బొటనవేలు గాటులోకి పోతుంది.