ఎదురుగా నిలబడిన మా సీనియర్

మా సీనియర్ పోయారన్న కబురు నాకు కోర్టు హాల్లోనే తెలిసింది. బోనులో ఒక సాక్షి ఉన్నాడు. నేను అతన్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తున్నాను. తలుపు దగ్గర నల్లకోట్లు గుమికూడటం, ఎవరో వచ్చి బెంచి క్లర్కు చెవిలో ఏదో చెప్పడం, ఆయన లేచి జడ్జిగారితో గుసగుసలాడటం చూస్తూనే ఉన్నాను. జడ్జిగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మేడమ్, మీ సీనియర్ గారు పొద్దున కాలం చేశారట. వాయిదా వేయమంటారా?"

"వద్దండీ. ఈ సాక్షిని పూర్తి చేసి వెళ్తాను" అన్నాను.

రాతిగుండె అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లెవరూ అలా అనుకోరు. "బోన్ల నిలబడ్డోడు మన మెహమాన్, మనింటికొచ్చిన చుట్టం. కూలి ఇడిసిపెట్టుకొని వచ్చిండు. వాన్ని నడిమిట్ల వదిలి పోవద్దు" అనేవారు. అడగాల్సినవన్నీ అడిగి, ఆ సాక్షికి నమస్కారం పెట్టి బయటికి వచ్చాక, మెట్ల మీద కూర్చుండిపోయాను. తెల్లవారుజాము నమాజు చేసుకుని, ఛాతీ బరువుగా ఉందని పడుకున్నారట. ఆటో వచ్చేలోపే అయిపోయిందట.

సంగారెడ్డి కోర్టులో ట్రయల్ కేసులు వాదించే మా అందరికీ ఆయన వకీల్ సాబ్. మా ట్రయల్ న్యాయవాదుల సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. నాకు మాత్రం మొదటి నుంచీ 'సార్'.

మా నాన్న కృష్ణాజిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. నేను పటాన్‌చెరు దగ్గర కంపెనీ క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాను. అయినా ఇంట్లో మాట్లాడే భాష నోట్లోంచి పోలేదు. లా పూర్తి చేసి జూనియర్‌గా చేరతానని వెళ్లిన రోజు, నా పరిచయం విని ఆయన నవ్వారు. "పుట్టినకాంచి మంజీర నీళ్లే తాగుతున్నవ్, నోట్ల ఇంకా కృష్ణ పారుతున్నది. మంచిదే. రెండు నదుల నీళ్లున్నోనికి గొంతెండదు."

ఆ రోజు చట్టం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కోర్టు ఇంకా మొదలవని ఖాళీ హాల్లోకి తీసుకెళ్లి నన్ను సాక్షి బోనులో నిలబెట్టారు. తాను వెళ్లి వకీళ్ల బల్ల దగ్గర నిలుచుని నన్నే చూస్తూ ఉండిపోయారు.

"ఎట్లున్నది?" అన్నారు చాలాసేపటికి.

"భయంగా ఉంది సార్."

"లా చదివినదానివి. నీకే గిట్లుంటే, రాత్రి డ్యూటీ దిగి సక్కగ ఇటొచ్చినోనికి ఎట్లుంటది? ప్రశ్న అడిగే ముంగట అది యాదికుంచుకో."

తర్వాత వచ్చిన ప్రతి జూనియర్‌నీ అలాగే నిలబెట్టారు. ఫ్యాక్టరీ ప్రమాదం కేసు వస్తే కాగితాలు చదివి ఊరుకునేవారు కాదు. ప్రమాదం ఏ షిఫ్టులో జరిగిందో అదే వేళకు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లేవారు. గేటు బయట నిలబడి, వెలుగు ఎటునుంచి పడుతోందో, సైరన్ ఎంత దూరం వినిపిస్తోందో చూసుకునేవారు. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికులతో వాళ్ల హిందీలోనే మాట కలిపేవారు. కోర్టులో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. "అరిచి అడిగితే జవాబు రాదు, కోపమొస్తది. మనం ఓడగొట్టాల్సింది సాక్షిని కాదు బేటీ, అబద్ధాన్ని" అనేవారు.

ఇంకో అలవాటు ఉండేది. వాదనకు లేచే ముందు కోటు జేబులోంచి ఒక ఏలక్కాయ తీసి, ఎదుటి పక్షం వకీలు చేతిలో పెట్టేవారు. "నోట్లేస్కో. ఇయ్యాల నీకు గట్టి పనున్నది." ఇచ్చింది మాత్రం ఎప్పుడూ ఎదుటివాళ్లకే. ఆయన పక్కన కూర్చునే నాకు అన్నేళ్లలో ఒక్కటి కూడా దక్కలేదు.

ఈ ఏడు సంఘం ఎన్నికలు దగ్గరపడగానే, తాను ఇక అధ్యక్షుడిగా ఉండనని చెప్పేశారు. మా సంఘంలో ఎన్నిక అంటే ఏకగ్రీవమే. "మీరు ఎవరి పేరు చెప్తే వాళ్లే సాబ్" అన్నారందరూ. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. నేను అప్పటికే సొంతంగా కేసులు చూసుకుంటూ, సంఘం పనుల్లో తిరుగుతూ ఉన్నాను. చేయగలనన్న నమ్మకం నాకుంది. నామినేషన్ వేశాను. గడువు ముగిసే ముందు ఇంకొక నామినేషన్ పడింది. అది ఆయనది.

సాయంత్రం నేరుగా వాళ్లింటికి వెళ్లాను. వరండాలో కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. పక్కన వాళ్లావిడ. ఆమెను నేను చాచీ అంటాను.

"ఇదేంటి సార్, నా మీద మీరు నిలబడ్డారు?"

"నీ మీద కాదమ్మా. నీ ముంగట నిలబడ్డ."

"రెండింటికీ తేడా ఏముంది?"

"ఉన్నది. నేను పేరు చెప్పి కూసోబెడితే నువ్వు నా ప్రెసిడెంట్‌వి. వాళ్లు ఓటేసి కూసోబెడితే వాళ్ల ప్రెసిడెంట్‌వి. రేపు కుర్చీల కూసొని వాళ్లకు నచ్చని మాట చెప్పాల్సొస్తే, ఏది పనికొస్తది?"

"అంటే ఓడిపోవడానికే వేశారా?"

ఆయన బత్తాయి తొనలు పక్కన పెట్టేశారు. "అట్ల ఓడితే నీకు ఇజ్జత్ ఏడున్నది? నేను మంచిగ కొట్లాడ్త. నువ్వు గెలుస్తే గెలుస్తవ్, లేకుంటే వచ్చే ఏడు మళ్ల నిలబడు."

"నాకు ఓటుంటే నీకే వేస్తుంటి బేటీ" అంది చాచీ, ఆ తొనలు నా చేతిలో పెడుతూ.

ఆయన అన్నంత పనీ చేశారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఓటడిగారు. నేనూ అడిగాను. ఆ మధ్యలోనే పారిశ్రామికవాడలో ఒక రసాయన కర్మాగారంలో రియాక్టర్ పేలి కార్మికులు చనిపోయారు. కర్దనూర్ నుంచి పనికెళ్లిన ఒక యువకుడు కూడా వాళ్లలో ఉన్నాడు. యాజమాన్యం మీదా కేసు పెట్టారు గానీ, జైల్లో పడింది మాత్రం ఆ షిఫ్టు ఇన్‌ఛార్జి ఒక్కడే. చనిపోయిన వాళ్ల కుటుంబాల తరఫున, ప్రాసిక్యూషన్‌కు తోడుగా నిలబడటానికి మా సీనియర్ ఒప్పుకున్నారు. ఇన్‌ఛార్జి తరఫున మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అతని భార్య మా ఛాంబర్ల చుట్టూ తిరుగుతూ ఉండేది.

ఓటింగుకు ముందు లైబ్రరీ హాల్లో సభ పెట్టారు. సభ్యులు అడగాలి, మేమిద్దరం జవాబు చెప్పాలి. కర్దనూర్ నుంచి వచ్చే ఒక న్యాయవాది లేచాడు. చనిపోయిన యువకుడు అతని వాడకట్టువాడే.

"మా ఊరి పోరడు మసై వచ్చిండు. ఆ ఇన్‌ఛార్జి కేసు మనోళ్లెవ్వరు పట్టొద్దని తీర్మానం చెయ్యాలె. మీల ఎవరు గెలిచినా చేస్తరా, చెయ్యరా? అది చెప్పుండ్రి ముందు."

హాలంతా చప్పట్లు. మా సీనియర్ నా వైపు చూసి, నువ్వే ముందు అన్నట్టు చెయ్యి చాపారు.

ఆ చప్పట్లలో నా ఓట్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. అయినా లేచాను. "నేను కుర్చీలో ఉండగా ఆ తీర్మానం బల్ల మీదికి రాదు. కేసు పట్టడం, పట్టకపోవడం ఎవరి ఇష్టం వాళ్లది. పట్టొద్దని చెప్పే హక్కు మాత్రం సంఘానికి లేదు."

గోల మొదలైంది. ఎవరో "ఆంధ్రామెకు మన బాధ ఏం తెలుస్తది!" అన్నారు. మా సీనియర్ లేచారు. వాళ్లను చల్లబరుస్తారని అనుకున్నాను. ఆయన నన్నే క్రాస్ చేయడం మొదలుపెట్టారు.

"మేడమ్, ఎవ్వరు పట్టకుంటే ఏం చేస్తరు?"

"నేనే పడతాను."

"ఇప్పుడు ఈ మాటన్నందుకు ఓట్లు పోతయ్. ఎరికేనా?"

"ఎరికే సార్."

"సచ్చిపోయినోళ్ల దిక్కు నేను నిలబడ్త. నన్ను ఎదురుకోవాలె. ఎదురుకుంటరా?"

"మీరు నేర్పిందే కదా. ఎదుర్కొంటాను."

ఆయన హాలు వైపు తిరిగారు. "నా ప్రశ్నలు అయిపోయినయ్. ఇగ నా జవాబు. ఆ పోరని తల్లి నా దగ్గరికొచ్చింది. ఆమె దిక్కు నేను ప్రాణం పెట్టి కొట్లాడ్త. కానీ అటు దిక్కు వకీలే లేకుంటే నేను గెలిచింది గెలుపెట్లైతది? రేపు పై కోర్టుల నిలుస్తదా? నేను గెలిచినా ఆ తీర్మానం రాదు. ఆమె గెలిచినా రాదు. ఇగ మీ ఇష్టమున్నోళ్లకు వేసుకోండ్రి."

కర్దనూర్ న్యాయవాది విసురుగా బయటికి వెళ్లిపోయాడు.

నేను గెలిచాను. తేడా పెద్దదేమీ కాదు. లెక్కింపు పూర్తవగానే ముందుగా లేచి వచ్చి చెయ్యి కలిపింది ఆయనే. "గెలిచినవ్. ఇగ నేను ఉత్త మెంబర్‌ని. మెంబర్లకు కోపం ఎక్కువుంటది, చూస్కో" అని వెళ్లి వెనక వరుసలో కూర్చున్నారు. మొదటి సమావేశంలోనే చెయ్యెత్తారు. "మేడమ్ ప్రెసిడెంట్, కక్షిదారుల బెంచీలు ఎండల కాలుతున్నయ్. ఇన్నేండ్లు ఆ ముసలి ప్రెసిడెంట్ ఏం చెయ్యలే. మీరన్న చేస్తరా?" హాలంతా నవ్వింది. ఇప్పుడు ఆ బెంచీల మీద రేకుల నీడ ఉంది.

ఇన్‌ఛార్జి బెయిలు దరఖాస్తు రోజున నేను మొదటిసారి ఆయనకు ఎదుటి వైపు నిలబడ్డాను. కాగితాలు సర్దుకుంటుంటే పక్కకు వచ్చారు. కోటు జేబులో చెయ్యి పెట్టారు. నా అరచేతిలో ఒక ఏలక్కాయ పెట్టి, "నోట్లేస్కో మేడమ్. ఇయ్యాల నీకు గట్టి పనున్నది" అన్నారు.

ఆయన ఏమాత్రం వదల్లేదు. ఆ ప్లాంటులో హెచ్చరిక గంటను ఎందుకు ఆపేశారో, ఎవరు ఆపమన్నారో అడుగుతూ, ఇన్‌ఛార్జి నోరు తెరవనంతవరకు పెద్దవాళ్ల పేర్లు బయటికి రావని, అప్పటిదాకా బెయిలు ఇవ్వొద్దని వాదించారు. నోరు తెరవాలంటే భయం పోవాలని, జైల్లో ఒక్కడినే పెట్టి భయపెడితే నిజం ఇంకా లోపలికి పోతుందని నేను వాదించాను. బెయిలు వచ్చింది. బయటికి వచ్చాక ఆయన నా భుజం తట్టారు. "మంచిగ చెప్పినవ్. ఆఖరి మాట నాకు తట్టాల్సిండె. ట్రయల్ల చూస్త నీ సంగతి."

ఆ ట్రయల్ ఇంకా మొదలే కాలేదు.

ఆయన జనాజా లేచేటప్పుడు నేను చాచీ పక్కన గుమ్మంలో ఉన్నాను. వీధి నిండా నల్లకోట్లు. భుజాలు మార్చుకుంటూ మోసుకెళ్లిన వాళ్లలో కర్దనూర్ న్యాయవాది కూడా ఉన్నాడు. జనం పలచబడ్డాక, చనిపోయిన ఆ యువకుడి తల్లి నా దగ్గరికి వచ్చింది. నేను ఎదుటి పక్షం వకీలునని ఆమెకు తెలుసు. అయినా నా చెయ్యి పట్టుకుంది.

"మా వకీల్ సాబ్ పోయె. ఇగ మా దిక్కు ఎవరు నిలవడ్తరమ్మా?"

"నేను నిలబడలేనమ్మా, నేను అటువైపు ఉన్నాను. కానీ మీ వైపు మంచి వకీలు ఉంటాడు. అది చూసే బాధ్యత నాది" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఏ అనుమానమూ కలగలేదు. ఓట్లు పడి వచ్చిన కుర్చీకి బలం ఎక్కడుంటుందో అప్పుడు తెలిసింది.

సంతాప సభలో పొగడ్తలన్నీ అయ్యాక నేను లేచి ఒకే ఒక్క మాట అడిగాను. "చనిపోయిన వాళ్ల కుటుంబాల వైపు సార్ నిలబడిన కేసు ఉంది. ఎదుటివైపు నేనున్నాను, తగ్గను. నన్ను ఎదుర్కొనేది ఎవరు?"

ఒకటి కాదు, చాలా చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచిన చెయ్యి కర్దనూర్ న్యాయవాదిది.

"మేడమ్, ఆ రోజు మీ మాట నాకు నచ్చలే. ఇయ్యాల గూడ పూర తలకెక్కలే" అన్నాడు. "గని సాబ్ నిలబడ్డ జాగల నేను నిలబడ్త. మీకు జెర గూడ మాఫీ ఉండది."

"మాఫీ నేనడగను. గట్టిగా రండి" అన్నాను.

తర్వాత కొన్నాళ్లకు అతను కేసు కాగితాలు తెచ్చుకోవడానికి సార్ వాళ్లింటికి వెళ్తుంటే, చాచీని చూద్దామని నేనూ వెళ్లాను. అతను ముందు గదిలో ఉండిపోయాడు. నేను లోపలి వాకిట్లోకి వెళ్లాను. భర్త పోయాక పరాయి మగవాళ్ల ఎదుటికి రాకుండా గడిపే ఇద్దత్‌లో ఉంది చాచీ. గోడకు ఆనుకుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

"పొద్దుగాల లేవంగనే చేతులు ఆగలే బేటీ. ఇన్నేండ్ల ఆదత్" అంది, పైకి చూపిస్తూ.

వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు కట్టిన తీగ మీద, సార్ కోర్టుకు మెడకు కట్టుకునే తెల్ల బ్యాండ్లు గంజి పెట్టి ఆరేసి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి. పొద్దుటి గాలికి అన్నీ ఒకేసారి లేచి, ఒకేసారి దిగుతున్నాయి.